నాగావళిలో పావలాలు

ధనరాజ్‌కి పావలా పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. ఆమదాలవలసలో మైకుసెట్లు బాగుచేసుకునే మనిషి, ఆదివారం చర్చి అవగానే భోజనానికైనా ఆగకుండా నాగావళి రైలు వంతెన కిందకి పరిగెడతాడు. పాడైపోయిన లౌడుస్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి నీళ్లలోకి విసరడం, మెల్లగా లాగడం, అదీ పని. రైలు ఏరు దాటేటప్పుడు జనం దణ్ణం పెట్టుకుని విసిరిన నాణేలే అతని పంట. రూపాయి తగిలితే టీకి పోతుంది. పావలా తగిలిందా, ఇక ఆ మనిషి కాలు ఒకచోట నిలవదు.

ఇరవయ్యేళ్లు పోగేసినవన్నీ ప్లైవుడ్ పలకకి గుంటలు చేసి, సంవత్సరాల వరసన అమర్చాడు. ఎవరు ఏం బాగుచేయించుకోడానికొచ్చినా ముందు ఆ కథ వినాల్సిందే. ఇదిగోనండీ, తెల్లవాడు వెళ్లిపోయేముందు కొట్టిన పులిబొమ్మ పావు రూపాయి. ఇది యాభై ఏడులో అణాలు పోయి పైసలొచ్చినప్పటి సింహాల పావలా. జనం తికమకపడతారని దీనిమీద 'కొత్త పైసలు' అని రాశారు. అరవై నాలుగుకి ఆ 'కొత్త' ఎగిరిపోయింది. ఇక ఈ ఆఖరివి ఖడ్గమృగానివి. సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాదులో కొట్టింది, చుక్కుంటే నోయిడాది. ఇలా చెప్పుకుపోతుంటే వచ్చినవాడు రేడియో సంగతే మర్చిపోయేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, డెబ్బై రెండు నుంచి ఎనభై ఏడు దాకా వరస మొత్తం ఖాళీ. ఒక్క పావలా లేదు. అదేమిటయ్యా అంటే అతని దగ్గర జవాబు సిద్ధం: అవి కరువు రోజులట, తినడానికే లేనివాళ్లు పావలా ఏట్లో ఎందుకు పారేస్తారట. వాళ్లావిడ స్వర్ణ, తన తల్లి ఆ రోజుల్లోనే రైలెక్కినప్పుడల్లా పావలా విసిరేదని ఎన్నిసార్లు చెప్పినా విన్నాడా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఈ వేసవిలో ఎచ్చెర్లలో నాణేల ప్రదర్శన పెట్టారు. ధనరాజ్ పేరు రాసి ఒక బల్ల కేటాయించారు! కొన్నది ఒక్కటీ లేదు, అన్నీ ఏట్లో దొరికినవే అని అతను ఊరంతా చాటుకున్నాడు కదా, ఇప్పుడా బోసి వరసని అందరి ముందూ ఎలా పెట్టడం? నాలుగు రోజులే గడువు. మనిషికి ముద్ద దిగడం లేదు.

అతని అవస్థ చూసి గోవిందరావుకి జాలేసింది. గోవిందరావుది స్టీలు సామాన్ల కొట్టు. అతనికీ పావలాల పిచ్చే, కాకపోతే అన్నీ కొన్నవే, ఆల్బముల్లో దాచినవే. ఎచ్చెర్లలో అతనికీ ఒక బల్ల ఉంది. ఎనభై రెండులో ఆసియా క్రీడలకి కొట్టిన జంతర్‌మంతర్ బొమ్మ పావలా ఒకటి తెచ్చి, "పెట్టుకోరా, ఎవుడికి తెలుస్తాది" అన్నాడు.

ధనరాజ్ మనసు లాగేసింది, అబద్ధమెందుకు. చెయ్యి చాపి తీసుకున్నాడు. ఇరవయ్యేళ్ల అలవాటు కదా, తీసుకున్నదాన్ని అయస్కాంతానికి ఆనించాడు. అది జారి నేలమీద పడింది. మళ్లీ ఆనించాడు, మళ్లీ పడింది.

"ఇది దొంగ పావలా బావా. సూడు, అంటుకోట్లేదు."

గోవిందరావుకి ఒళ్లు మండింది. విసవిసా వెళ్లి ఆల్బములన్నీ మోసుకొచ్చి బల్లమీద గుమ్మరించాడు. పులి అంటుకుంది. సింహాలు అంటుకున్నాయి. ఖడ్గమృగాలు అంటుకున్నాయి. డెబ్బై రెండు నుంచి ఎనభై ఏడు దాకా ఒక్కటీ అంటుకోలేదు. ఆ ఏళ్లలో రాగి ఎక్కువ కలిపి కొట్టారు మరి!

ముందు స్వర్ణకి వెలిగింది. నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. కరువూ లేదు, కాటకమూ లేదు. ఆ పావలాలన్నీ ఏట్లోనే ఉన్నాయి, ఈ మహానుభావుడు ఇరవయ్యేళ్లుగా వాటి నెత్తిమీంచే అయస్కాంతం లాగుతున్నాడు. ధనరాజ్‌కి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తర్వాత ఒక్కసారిగా లేచి, ఇసక జల్లెడ ఎక్కడుందని ఇల్లంతా వెతికాడు.

తెల్లారేసరికి ముగ్గురూ ఏట్లో ఉన్నారు. స్వర్ణ గమేళాతో ఇసక ఎత్తడం, ధనరాజ్ జల్లించడం. గోవిందరావు ఊరికే చూద్దామని వచ్చినవాడు, గంటలో పంచె ఎగ్గట్టి ఇంకో జల్లెడ పట్టాడు. అబ్బ, ఏం దొరికాయనుకున్నారు! డెబ్బై నాలుగు, ఎనభై, డెబ్బై ఏడు. దొరికిన ప్రతిదానికీ ధనరాజ్ నీళ్లలో గెంతులేశాడు. మూడో రోజు మధ్యాహ్నానికి వరసంతా నిండింది, ఆసియా క్రీడల పావలా ఒక్కటి తప్ప.

అప్పుడు గోవిందరావు జల్లెడ ఊపడం ఆపేశాడు. వేలితో మట్టి తుడిచాడు. జంతర్‌మంతర్.

ధనరాజ్ చెయ్యి చాపాడు. గోవిందరావు గుప్పిట మూసేశాడు. అచ్చం అలాంటివే మూడు ఆల్బములో ఉన్న మనిషి, ఒకటి ఊరికే ఇవ్వబోయిన మనిషి!

"ఇది ఇవ్వనురా. ఇది నాకు దొరికినాది."

ధనరాజ్‌కి ముందు కోపం ముంచుకొచ్చింది. కానీ ఆ ముఖం చూశాక చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరవయ్యేళ్ల షావుకారు, తడిసిన పంచెతో, గుప్పిట గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

"నీదే బావా," అన్నాడు ధనరాజ్. "రెండ్రోజులు నా పలకలో కూకోనియ్యి, సాలు."

అయితే ఆ గుంట కింద తన పేరు రాయాలన్నాడు గోవిందరావు. రాశారు. ఎచ్చెర్లలో జనం ఆ పలక చుట్టూ మూగితే, ధనరాజ్‌కి నోరు విప్పే సందు దొరకలేదు. ఎంత లోతులో, ఏ స్తంభం పక్కన, ఎన్నో జల్లెడలో దొరికిందో గోవిందరావే చెప్పాడు, వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. తన ఆల్బములున్న బల్ల దగ్గరికి రెండ్రోజుల్లో ఒక్కసారైనా వెళ్లలేదు.