ఆవిరి పట్టిన కొద్దీ పెరిగిన తుమ్ములు

2023 చలికాలం. నాచారంలో మాత్రలు ప్యాక్ చేసే ఒక చిన్న కంపెనీ. అక్కడి ఫస్ట్ ఎయిడ్ గదికి నర్సును నేనే, ఆయాను నేనే. తెగిన వేళ్లకు కట్టు కట్టడం వచ్చు గాని, తుమ్ములకు అడ్డుకట్ట ఎలా వేయాలో నాకెవరూ నేర్పలేదు.

సలోమి పీర్జాదిగూడ నుంచి వచ్చేది. పని బ్లిస్టర్ లైన్‌లో, అంటే మాత్రలను రేకు అట్టల్లో అమర్చే యంత్రాల వరుసలో. అక్కడ తుమ్మేవాళ్లను నిలబడనివ్వరు. కంపెనీ డాక్టరుగారు అలర్జిక్ రైనైటిస్ అన్నారు. పుప్పొడో దుమ్మో తగిలితే ముక్కు చేసే రాద్ధాంతానికి అది పెద్ద పేరు. ఆయన రాసిన మాత్రకు ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది.

"సిస్టర్, జర ఏదన్న ఇంటి మందు చెప్పున్రి. వచ్చే శనివారం దాంక సూస్తడంట సూపర్‌వైజర్ సారు. తగ్గకుంటే గోదాంల పెట్టెలు మోయాల్నంట. నా నడుముతోని అయితదా?"

"రెండు పూటలా ఆవిరి పట్టు. రాత్రి పసుపు పాలు తాగు" అన్నాను, చాలా ధీమాగా.

సోమవారం ఎర్రబడిన కళ్లతో వచ్చింది. "ఎంత పడితే గంత ఎక్కువైతున్నయ్ సిస్టర్! నిన్న చర్చికి పోయే తొందరల పట్టనేలేదు. నిన్ననే మంచిగున్న!"

నేను చెప్పింది చేస్తే రోగం, చేయకపోతే ఆరోగ్యం. ఇరవై ఏళ్ల నా అనుభవం ఆ ఒక్క మాటతో ఆవిరైపోయింది. ఇంట్లో పిల్లి ఉందా? నీళ్లలో ఏం వేస్తున్నావు? దుప్పట్లు ఉతికి ఎన్నాళ్లయింది? అడిగిన కొద్దీ ఇద్దరం అయోమయంలో పడ్డాం.

శుక్రవారం పొద్దున్నే రప్పించి, "నా ముందు పట్టి చూపించు" అన్నాను. సొంత తువ్వాలు తెచ్చుకుంది. వేడి ఎంతుందో చూద్దామని ముందు నేనే ఆ తువ్వాలు తల మీద కప్పుకుని వేడినీళ్ల గిన్నె మీదికి వంగాను.

వరసగా ఆరు తుమ్ములు.

"అయ్యో, మీకు గూడ అంటుకుందా సిస్టర్!"

ముక్కు తుడుచుకుంటూ అడిగాను. "ఈ తువ్వాలు ఎక్కడ ఆరేస్తావ్?"

"ఇంకేడ, గోడ పక్క చెట్ల మీద. మా గల్లీల అందరం గాడనే ఏస్తం. గుబురుగ ఉంటయ్, బట్టలు గాలికి ఎగరవ్. ఇప్పుడైతే పూత మస్తుగున్నది."

ఫోన్‌లో ఫొటో చూపించింది. కోనోకార్పస్, కంచెలా పెంచే చెట్టు. కిటికీ దగ్గర తువ్వాలు దులిపితే ఎండలో సన్నటి పొడి లేచింది. పసుపు పొడి, మిరియాల పొడి అన్నీ తలచుకున్నాను గాని, పుప్పొడి మాత్రం నాకు తట్టలేదు. ఆమె రోజూ దాన్నే తల నిండా కప్పుకుని గుండెల నిండా పీలుస్తోంది.

తువ్వాలు ఇంట్లోనే ఆరేయమన్నాను. ఆ సాయంత్రమే డాక్టరుగారు నిద్ర రాని మాత్రకు మార్చారు. శనివారం షిఫ్టంతా ఒక్క తుమ్ముతో గడిచింది. సూపర్‌వైజర్ ఆమెను లైన్‌లోనే ఉండనిచ్చాడు.

పని చేసింది తువ్వాలా, మాత్రా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. సలోమి మాత్రం "సిస్టర్ ఆవిరితోనే తగ్గింది" అని అందరికీ చెప్తోంది. వద్దన్నా వినదు.

నాకు అర్థమైంది ఇంతే. చిట్కాలో సగమే నేను చెప్పేది, మిగతా సగం వాళ్ల ఇంట్లో జరిగేది. ఆ సగం అడగకుండా, సలోమిని గోదాము గుమ్మం దాకా నడిపించింది నేనే.