మార్లీన్ కన్నా ముందే వచ్చే పావురాలు

మార్లీన్ జుర్కో మా పక్కింటామె. మొనొంగహీలా నది వైపు దిగే ఏటవాలు వీధిలో మా రెండిళ్లకూ మధ్య ఒక్క కంచె అడ్డం. ఆమె గాజు ఫ్యాక్టరీలో పనిచేసేది, బెల్టు మీద కదిలిపోయే సీసాల్లో పగుళ్లున్నవాటిని ఏరేసేది. ఆ ఫ్యాక్టరీ మూతపడిన ఏడాదే ఆమె భర్త రీజిస్ ఎవరింటి పైకప్పో బాగుచేస్తూ జారిపడ్డాడు. నడుం దెబ్బతింది. ఇంట్లో అటూ ఇటూ నడుస్తాడు గాని మెట్లెక్కలేడు, కారు నడపలేడు. వంటింటి కిటికీ దగ్గర వాలుకుర్చీ వేయించుకున్నాడు. పెరడూ వీధీ రెండూ కనిపించే చోటది. పొద్దున కూర్చుంటే భోజనానికి తప్ప లేచేవాడు కాదు.

పావురాల ఆలోచన రీజిస్‌దే. మేనకోడలి పెళ్లిలో చర్చి మెట్ల మీద తెల్ల పావురాలు ఎగరేశారు, జనం కళ్లు తుడుచుకున్నారు. పెళ్లిళ్లకూ అంత్యక్రియలకూ మనమే తెచ్చి ఎగరేద్దామన్నాడు. ఒహాయోలో ఎవరో అమ్మేస్తున్నారని ఫోన్లోనే బేరం కుదుర్చుకుని మార్లీన్‌ని పంపించాడు. ఆమె కారు వెనక సీట్లో పంజరాలు పెట్టుకుని తిరిగొచ్చింది. కొన్ని గుప్పిట్లో పట్టేంత చిన్న తెల్ల గువ్వలు, కొన్ని నెమలిలా తోక విప్పుకుని నిలబడే పావురాలు. చూడ్డానికి కేకు మీద పెట్టే బొమ్మల్లా ఉన్నాయి.

"ఇవి ఎగిరి మళ్లీ ఇంటికొస్తాయంటావా?" అని అడిగాను.

"రీజిస్ వస్తాయన్నాడు" అంది మార్లీన్.

"తెలుపు తెలుపే కదా పెగ్గీ, ఎవడు పరీక్ష చేస్తాడు?" అని కిటికీలోంచి అరిచాడు రీజిస్.

మొదటి పని డెనిస్ అంత్యక్రియలు. డెనిస్ మా ఊరి అగ్నిమాపక దళం మనిషి, నిండా నలభై లేవు. అతని భార్య జానీన్ సమాధి దగ్గర నిలబడి, మార్లీన్ చెప్పినట్టే బుట్ట మూత తీసింది. పక్షులు పైకి లేచాయి. కాస్త ఎత్తు పోయాయో లేదో ఒక్కొక్కటే దిగొచ్చేశాయి. ఒక గువ్వ సమాధి రాయి మీద వాలింది, ఇంకోటి శవపేటిక మీద పూలల్లోకి దూరింది. తోక పావురం గాలికి అడ్డం తిరిగిపోయి శవవాహనం పైకప్పు మీద కూలబడింది. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అప్పుడే చెట్ల వెనక నుంచి డేగ వచ్చింది. అందరి కళ్ల ముందే రాయి మీద ఉన్న గువ్వను తన్నుకుపోయింది. తెల్ల ఈకలు రాలి జానీన్ నల్ల గౌను మీద పడ్డాయి.

ఆమె పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది. అందరూ వెళ్లిపోయాక మార్లీన్ బూట్లు విప్పేసి, వల పట్టుకుని, చీకటి పడేదాకా సమాధుల మధ్య పరిగెత్తింది. దొరికినవి మూడే. మిగతావి ఏ పిల్లి నోట్లో పడ్డాయో.

"ఈసారి పెద్దవి తెద్దాం. డేగ మొయ్యలేనివి" అన్నాడు రీజిస్, జరిగిందంతా విని.

మార్లీన్ మర్నాడు కొండ మీద ఉండే స్టీవ్ మటుస్కా ఇంటికి వెళ్లింది, నన్నూ తోడు తీసుకుని. ఉక్కు మిల్లు నడిచిన కాలంలో మా ఊళ్లో ప్రతి వీధికీ పావురాల పందేల వాళ్లుండేవారు. వాళ్లలో మిగిలింది స్టీవ్ ఒక్కడే. ఎనభై దాటినా గూళ్లు తనే కడుక్కునేవాడు.

"జానీన్ దగ్గర జరిగింది విన్నాలే అమ్మాయ్" అన్నాడు. "గువ్వలకి పంజరమే ఇల్లు. బయట వదిలితే ఎటు పోవాలో వాటికి తెలీదు. తోకవి ముస్తాబుకి. మీ ఆయన చెప్పే పెద్దవున్నాయే, అవి కూరకి పెంచేవి, కంచె దాటేసరికి ఆయాసం. నీకు కావల్సింది పందెం పావురం. రంగు తెలుపు, రక్తం పందెంది. అదొక్కటే తిరిగొస్తుంది."

ఒకదాన్ని పట్టి రెక్క విసనకర్రలా విప్పి చూపించాడు. గువ్వల్లా ముద్దుగా లేదు. ముక్కు మొరటు, మెడ గట్టిది. మార్లీన్ వేలితో దాని రొమ్ము తడిమి, గుండె ఎలా కొట్టుకుంటోందో చూడమని నా చెయ్యి పట్టుకుని పెట్టింది.

స్టీవ్ ఆమెకు రెండు జంటలు ఇచ్చాడు. "వీటిని మాత్రం ఎప్పుడూ బయటికి వదలకు. మొదట ఆకాశం చూసింది ఇక్కడ, వదిలిన మరుక్షణం నా దగ్గరికే వచ్చేస్తాయి. వీటికి పుట్టే పిల్లలు నీవి. అవి నీ ఇంటికే వస్తాయి."

"మరి ఇవి?"

"లోపలే. బతికినన్నాళ్లూ. ఇట్లాంటివాటిని మేం ఖైదీలంటాం."

మార్లీన్ నవ్వింది. ఆ నవ్వు విని స్టీవ్ మొహం పక్కకు తిప్పుకుని, మేత బస్తా మూతి కట్టడం మొదలెట్టాడు.

పిల్లలు పుట్టాయి, రెక్కలొచ్చాయి. మార్లీన్ వాటిని బుట్టలో పెట్టుకుని ముందు వీధి చివర, తర్వాత వంతెన అవతల, ఆపైన ఇంకో కౌంటీ దాకా తీసుకెళ్లి వదిలేది. ప్రతిసారీ అన్నీ ఇంటికి చేరేవి. ఆ వేసవికి పెళ్లిళ్ల వాళ్లు వరస కట్టారు. మార్లీన్ జానీన్ దగ్గరికి కూడా వెళ్లి క్షమించమని అడిగింది. డెనిస్ పుట్టినరోజున అదే సమాధి దగ్గర మళ్లీ ఎగరేసింది. పావురాలు ఒక్క చుట్టు తిరిగి నది మీదుగా సూటిగా వెళ్లిపోయాయి. జానీన్ చాలాసేపు అటే చూసింది.

పనైతే కుదిరింది. అసలు బాధ అప్పుడే మొదలైంది.

పావురాలకు దారి మలుపులుండవు, ట్రాఫిక్కు దీపాలుండవు. వదిలిన కాసేపటికే అవి వచ్చి పెరట్లో గదంత చెక్క గూటి మీద వాలేవి. కిటికీలోంచి రీజిస్ చూసేవాడు. అక్కడి నుంచి లెక్క మొదలు. పెళ్లి అయిపోయింది, కారెక్కి ఉంటుంది, ఈపాటికి రావాలి. రాకపోతే ఫోను.

"పావురాలు ఎప్పుడో వచ్చాయి. నువ్వెక్కడ?"

"పెట్రోలు పోయిస్తున్నా."

"ఇంతసేపా? బావి తవ్వి పోయిస్తున్నావా?"

అంతకుముందు మార్లీన్ బజారుకెళ్తే ఆలస్యానికి ఏదో ఒకటి చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు తనే పెంచి, తనే దారి నేర్పిన పక్షులు ముందుగా వెళ్లి ఆమె సంగతి చెప్పేస్తున్నాయి. ఈస్టరు ముందు మాంసం మానే లెంట్ శుక్రవారాల్లో చర్చి వంటింట్లో మేమంతా చేపలు వేయిస్తాం, ఆలుగడ్డ ముద్ద కూరి పిరోగీలు ఒత్తుతాం. మరుసటి ఏడు ఆ పనికి కూడా రావడం మానేసింది. ఎందుకని అడిగితే, "వెళ్లొచ్చిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవడం కన్నా వెళ్లకపోవడమే తేలిక పెగ్గీ" అంది.

ఆ ఏడు సెప్టెంబరులో ఈరీ సరస్సు ఒడ్డున ఒక పెళ్లి వచ్చింది. ఆమె చెల్లెలు కొలీన్ ఉండేది ఆ ఊళ్లోనే. అంత దూరం నుంచి పావురాలు వస్తాయా అని స్టీవ్‌ని అడిగింది. వాటి తాతలు ఇంతకు మూడింతల దూరం నుంచి వచ్చారన్నాడు. పెళ్లి కాగానే పావురాలు వదిలి, చెల్లెలింటికి వెళ్లి, ఫోను ఆపేసింది.

ఆ సాయంత్రం రీజిస్ నన్ను కంచె దగ్గరికి పిలిచాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "పావురాలు అన్నీ వచ్చాయి పెగ్గీ. తనే రాలేదు."

"చెల్లెలింటికి వెళ్లుంటుందిలే."

"తను రాకపోతే నేనేం చెయ్యాలి?" అన్నాడు. కోపంగా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది. అతను భయపడుతూ అడిగాడు.

గూటికి మేతా నీళ్లూ నేనే పెట్టాను. మార్లీన్ కొలీన్ ఫోను నుంచి నాకు ఫోన్ చేస్తే ఉండిపొమ్మన్నాను, పావురాలను నేను చూస్తానన్నాను. కొలీన్ కూడా అదే మాట చెప్పి పక్కగది ఖాళీ చేసిందట. అయినా వారం తిరగకముందే మార్లీన్ కారు వీధిలోకి తిరిగింది.

"ఎందుకొచ్చావే?" అన్నాను.

"సూపు డబ్బా తెరుచుకోవడం కూడా రాదు ఆయనకి." కారు తలుపు మూసి, "సరస్సు ఒడ్డున కూర్చున్నా. ఎవరూ నన్నేం అడగలేదు. రెండో రోజుకి అదే గుబులు పట్టుకుంది, ఎవరూ అడగట్లేదేంటని. నాకేం జబ్బో చూడు" అంది. నవ్వడానికి చూసింది గాని నోరు వంకర పోయింది.

ఇంట్లోకి వెళ్లే ముందే గూటి చుట్టూ ఓసారి తిరిగి, మా పెరడు చూసి అడిగింది. "మీ గరాజు వెనక చోటు ఖాళీయేనా?"

గూటిని ఎక్కువ దూరం జరపకపోతే పావురాలు కనిపెట్టుకుంటాయని స్టీవ్ చెప్పాడు. కొన్నాళ్లు లోపలే ఉంచి, వైరు మెష్ గుండా కొత్త చోటు చూడనిమ్మన్నాడు. చర్చి మగవాళ్లు వచ్చి కంచె ఊడదీసి, గూటిని దుంగల మీద దొర్లించారు. రీజిస్ కిటికీ తట్టి ఒకటే అరుపు.

"నా పావురాల్ని పక్కింటోళ్ల దొడ్లో పెడతావా?"

"నీ పావురాలా? ఒక్కదానికైనా గింజ వేశావా ఎప్పుడైనా?" అంది మార్లీన్. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

మొదటిసారి బయటికి వదిలినప్పుడు పావురాలు పాత చోటనే గడ్డి మీద వాలి, అటూ ఇటూ బిక్కచూపులు చూశాయి. మార్లీన్ మేత డబ్బా గలగలలాడించింది. ఒకటి మా గరాజు మీదికి ఎగిరింది, దాని వెనక మిగతావన్నీ వచ్చాయి. రీజిస్ కుర్చీలోంచి మా గరాజు గోడ తప్ప ఏమీ కనిపించదు.

మార్లీన్ ఈరీకి మారలేదు, మారుతుందని నేననుకోను. పొద్దున అతనికి కాఫీ, మాత్రలు, సాయంత్రం సూపు అన్నీ ఆమే చూస్తుంది. కాకపోతే ఈ ఏడు లెంట్‌లో చేపలు వేయించడానికి వచ్చింది. పెళ్లికి వెళ్లిన రోజుల్లో ఒక గంటో రెండు గంటలో ఆలస్యంగా వస్తుంది. నది ఒడ్డున కారాపుకుని ఊరికే కూర్చుంటానంది ఒకసారి.

మొన్న శనివారం పావురాలు వచ్చి వాలిన చాలాసేపటికి, రీజిస్ గుమ్మంలోంచి కేకేశాడు. "పెగ్గీ! పావురాలు వచ్చాయా?"

అవన్నీ నా నెత్తి మీదే, గరాజు వెనక చూరున వరసగా కూర్చుని ఉన్నాయి.

"నేను చూడలేదు రీజిస్, పిండి కలుపుతున్నా" అన్నాను.