కన్నం లేని రాజ్యం

కటింగు మాస్టరు చొక్కాలు కత్తిరించేది పొట్టకోసం, రాజ్యాలు కత్తిరించేది ప్రాణం కోసం. ఆరు రోజులు టైలరింగు షాపులో బల్ల దగ్గర నిలబడి కాళ్లు మొద్దుబారేవి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం, తానుండే అపార్టుమెంటు మేడమీది గదిలో కూర్చుని దేశాలేలేవాడు. అక్కడో ఆట. ఆ బిల్డింగువాళ్లే నలుగురైదుగురు చేరి, ఒకడు దొంగ, ఒకడు సేనాని, ఒకతె మంత్రగత్తె అనుకుని, పాచికలు వేస్తూ లేని దేశంలో తిరుగుతారు. ఆ దేశానికి రాజెవరు, చట్టమేమిటి అన్నది మాస్టరు కల్పించాలి. అతని బుర్రకి అడ్డేముంది? ఒక దేశాన్ని నిద్రపోయేవాళ్లు ఏలేవారు, కలవరింతల్లో ఏమంటే అదే శాసనం. ఇంకోదాన్లో రాజెవరో రాజుకే తెలియదు.

"యాభై దాటాయి, ఇంకా రాజూ మంత్రీ ఆటలేమిట్రా" అని వాళ్లక్క సణిగేది. భార్య పోయాక వండిపెట్టేది ఆవిడే, కాబట్టి సణిగే హక్కూ ఆవిడదే.

అతని బాధల్లా ఒకటే. ఎంత గట్టిగా కుట్టినా రెండు ఆదివారాల్లో ఆటగాళ్లు ఆ రాజ్యాన్ని కూల్చేసేవారు. మంత్రగత్తె వేషం వేసే లెక్కల టీచరమ్మయితే మొదటి గంటలోనే కన్నం పట్టేసేది. మాస్టరుకి పౌరుషం పుట్టుకొచ్చింది. నాలుగు నెలలు కూర్చుని ఒక రాజ్యం కుట్టాడు. అందులో సైన్యం లేదు, చెరసాల లేదు. ఒకటే చట్టం: సభలో నోరు విప్పనివాడి మాట రాజుదే. రానివాడూ నోరు విప్పనట్టే లెక్క. ఈ చట్టం మార్చాలంటే మాత్రం ప్రతి ఇంటివాళ్లూ వచ్చి నోటితో చెప్పాలి.

ఆరు నెలలు తలలు బాదుకున్నారు, రాజ్యం కూలలేదు. టీచరమ్మ చేతులెత్తేసిన రోజు మాస్టరు ఇంటికొచ్చి మారు అన్నం పెట్టించుకున్నాడు.

ఆటలో సేనాని, ఆట బయట అపార్టుమెంటు సెక్రటరీ. ఇరవైనాలుగు ఇళ్లకీ కబురు పెడితే మీటింగుకి ఆరుగురు రారు, ఏ పనీ తెమలదు. "మాస్టారూ, మీ చట్టమేదో మన బిల్డింగుకి రాసివ్వండి" అన్నాడు. అంత మాటంటే ఎవరు ఉబ్బిపోరు? రాజు అన్నచోట సెక్రటరీ అని మార్చి, ముత్యాల్లాంటి అక్షరాలతో మాస్టరే రాసిచ్చాడు. ఇంటింటికీ తిప్పితే చదవకుండానే అందరూ సంతకాలు గీకేశారు. లిఫ్టు పక్కన అంటించారు.

మూడు నెలలకి అక్కడే ఇంకో కాగితం వెలిసింది. బిల్డింగు ఖర్చులకి అద్దె వస్తుందని మేడమీద సెల్ టవర్ వేస్తారు, గది పడగొట్టాలి, ఆదివారం మీటింగు.

ఆ గది పోతే మాస్టరుకి మిగిలేది కత్తెర. ఇల్లిల్లూ తిరిగాడు.

"టవర్ కావాలని నేనన్నానా మాస్టారూ? నేనసలేమీ అనలేదు" అన్నాడు మూడో అంతస్తు బ్యాంకాయన.

"అదేనండీ బాబూ. మీరేమీ అనకపోతే ఊఁ అన్నట్టే."

"అదేం రూలండీ, ఎవడు రాశాడు?"

మాస్టరు మెట్లు దిగాడు.

మీటింగుకి ఐదుగురొచ్చారు. వద్దని నోరు తెరిచింది మాస్టరూ, టీచరమ్మా. మిగతావాళ్లు ఫోన్లలో తలదూర్చి కూర్చున్నారు. ఇద్దరొకవైపు, ఇరవైరెండు ఇళ్లొకవైపు అని తేల్చాడు సెక్రటరీ. మనిషి చెడ్డవాడు కాదు.

"నాకు మాత్రం సరదానా మాస్టారూ? ఆ గదిలో నేనూ ఆడాను. ఎక్కడన్నా సందుంటే మీరే చెప్పండి, ఇప్పుడే ఆపేస్తాను."

మాస్టరు తన చట్టాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మనసులోనే తడిమి చూసుకున్నాడు. తన చేతిపని తనకి తెలియదూ.

"లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున మెట్ల మీద టీచరమ్మ పట్టుకుంది. "అసలు చట్టాన్నే మార్చేద్దాం. ఇరవైనాలుగు ఇళ్లవాళ్లనీ నేను లాక్కొస్తాను, జుట్టు పట్టుకునైనా చెప్పిస్తాను."

"ఇరవైరెండే తేగలవమ్మా. సంతకాలయ్యాక కింద రెండిళ్లకి తాళాలు పడ్డాయి. ఒకాయన పోయాడు, నా అన్నవాళ్లు లేరు. ఇంకొకళ్లు ఎటెళ్లారో ఎవరికీ తెలియదు."

"తాళం వేసిన ఇల్లు లెక్కలోంచి తియ్యొచ్చుగా?"

"తియ్యకూడదని రాశాను. ఆ కన్నం నువ్వు పట్టేస్తావని భయపడి."

పలుగులు భుజాన వేసుకుని పనివాళ్లు పైకెక్కుతుంటే ఇద్దరూ గోడవారకి జరిగి దారిచ్చారు.