మానని పుండుకు పస్తులు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా వండుతున్న ఆమెను అందరూ వంటక్క అనేవారు. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ లేచిన రోజు కూడా సాయంత్రం దాకా పొయ్యి ముందే నిలబడింది. షుగరు వల్ల కాలికి స్పర్శ తగ్గిందని, నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి వేలు తీసేశారు.

వేలు తీసిన చోట పుండు మానలేదు. "షుగరు అదుపులో ఉండాలి, నోరు కట్టుకోవాలమ్మా" అనేసి డాక్టరు తర్వాతి పేషెంటును పిలిచాడు. లిఫ్టులు బాగుచేసే పనిలో రిటైరైన ఆమె భర్తకు ఆ మాట శిలాశాసనమైంది. అన్నం మాన్పించాడు. కొవ్వుందని గుడ్డు, తీపి ఉందని పాలు, చీము పడుతుందని ఎవరో అంటే పప్పు కూడా మాన్పించాడు. చివరికి పొద్దున రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం ఒక రొట్టె, రాత్రి దోసకాయ ముక్కలు మిగిలాయి.

ఐదు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, డాక్టరు కూడా. పుండు మాత్రం రవ్వంతైనా పూడలేదు. నాలుగో నెలలో పక్క వేలు నల్లబడితే అదీ తీసేశారు.

కట్టు కట్టే గదికి కొత్త నర్సు వచ్చింది. వంటక్క దండచేయి పట్టుకుని చూసి, కండ ఎంత మిగిలిందో టేపు తెచ్చి కొలిచింది.

"పొద్దున ఏం తిన్నావు పెద్దమ్మా?"

"రెండు బిస్కెట్లు."

"నిన్న?"

చెప్పింది. నర్సు రక్తపరీక్షల కాగితాలు తిరగేసింది. "కిడ్నీలు బాగానే ఉన్నాయి, పప్పూ గుడ్లూ మానాల్సిన పనే లేదు. మరి తిండెందుకు మానేశావు? పుండు పూడాలంటే కొత్త కండ పుట్టాలి. నీళ్లతో పుడుతుందా? షుగరుకి మందులున్నాయి. నువ్వు పస్తులుంటున్నావు."

వంటక్కకు ఒళ్లు మండిపోయింది. కట్టు కట్టించుకుని తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్లింది.

"ఐదు నెలల్నుంచి నా కాలు చూస్తున్నారు. ఏం తింటున్నానని ఒక్కసారైనా అడిగారా?"

"బయట క్యూ ఉందమ్మా. తిండి సంగతి చూసే ఆవిడ వేరే."

"ఎక్కడుందావిడ?"

"ఆ పోస్టు ఖాళీ."

"నా కడుపూ ఖాళీయే. తగ్గానని మెచ్చుకున్నారు కదా, ఏం తగ్గిందో చూశారా? మూడు వందల మందికి అన్నం పెట్టేదాన్ని. నన్ను ఆకలితో మాడ్చారు."

బయటికొచ్చి, కాళ్లకు కట్లతో బెంచీ మీద కూర్చున్న వాళ్లను ఒక్కొక్కరినీ అడిగింది. వాచ్‌మన్ పొద్దుటి నుంచీ టీ మాత్రమే తాగాడు. పక్కనున్న బడి టీచరు వారం నుంచీ పండ్లూ గుడ్లూ ముట్టలేదు. ఇద్దరూ అదేదో ఘనకార్యంలా చెప్పారు. ఆమె కోపం రెట్టింపైంది. "ఆ మాటే లోపల నర్సుకు చెప్పండి. ఆవిడ రాసుకునేదాకా లేవకండి" అంది.

ఇంట్లో భర్త దోసకాయ తరుగుతున్నాడు. జరిగింది విని, "డాక్టరు చెప్పాడనే కదా" అని గొణిగాడు.

"నోరు కట్టుకోమన్నాడు. నా కడుపు కొట్టమన్నాడా?"

ఆయన కత్తి పక్కన పెట్టి, చొక్కా వేసుకుని గుడ్లు తేవడానికి వెళ్లాడు. ఆమె రెండు ఉడకబెట్టుకుని నిలబడే తింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

డాక్టరు ఇన్సులిన్ మోతాదు సరిచేశాడు. నర్సు చెప్పినట్టు కొలిచిన అన్నం, పప్పు, గుడ్లు, చేపలు తింది. పుండు మీద బరువు పడకుండా ఇంట్లో కూడా ఆ కాలు నేల మీద మోపలేదు. పదకొండో వారానికి పుండు మూసుకుంది. కట్టు కట్టే గదిలో ఇప్పుడు ప్రతి పేషెంటుకూ దండచేయి కొలుస్తున్నారు.

ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె డాక్టరును ఒక్కటే అడిగింది. "తిండి తిని ఉంటే నా రెండో వేలు మిగిలేదా?"

"చెప్పలేనమ్మా" అన్నాడాయన, తలెత్తకుండా.

ఆ జవాబు ఆమె ఈ రోజుకీ క్షమించలేదు. క్యాంటీన్‌లో ఎత్తు స్టూలు మీద కూర్చుని వంట చేస్తోంది. ఎవరైనా "షుగరు, ఈ పూట వద్దక్కా" అంటే గరిటె కింద పెట్టి, ఎవరు వద్దన్నారో చెప్పేదాకా వదలదు.