డయోడు లేని పెడల్

ఈ ఉదయం ఒక గిటారు పెడల్ విప్పి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్‌ను ఫ్లక్స్ డబ్బాలో ముంచగానే గుప్పుమని గుగ్గిలం పొగ లేచింది. ఆ వాసన తగిలితే నాకు ముందు విశాలాక్షి గారి వసారా, వెంటనే నేను చేసిన తప్పు గుర్తొస్తాయి. ఆవిడ ఏలూరులో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక, ఇంటి వసారాలోనే ఆంప్లిఫయర్లు, కీబోర్డులు బాగుచేసేవారు. పక్కింటి కోడలిగా వచ్చిన నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా సర్టిఫికెట్టు బీరువాలో దాచి బీరకాయలు తరుక్కుంటూ ఉంటే, ఆవిడే పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఎవరేం తెచ్చినా ఆవిడ ముందు స్క్రూడ్రైవర్ పట్టుకునేవారు కాదు. "చెడిపోయిన సంగతి తరవాత చెబుదురుగాని, చివరిసారి బాగా మోగింది ఎక్కడండీ? దేంతో కరెంటిచ్చారు?" అని అడిగేవారు. వైరు, బ్యాటరీ, అడాప్టర్ చూశాకే మూత తీసేవారు. పని అయ్యాక ఏం చెడిందో, ఏం చేశామో చిన్న చీటీ మీద రాసి, కింద తన పేరుతో మూత లోపల అతికించేవారు. 'తొందరలో ఒక తీగ నా చేతిలోనే తెగింది, మళ్లీ అతికించాను' అని కూడా రాసేవారు. నాకు నవ్వొచ్చేది.

"మన తప్పు మనమే రాసి పంపడం దేనికండీ?" అన్నానొకసారి.

"రేపు దీన్ని విప్పేవాళ్లకి మన గొప్పతో పనేముందమ్మాయ్? లోపల ఏం జరిగిందో తెలిస్తే చాలు," అన్నారు.

తాడేపల్లిగూడెం నుంచి ప్రసాదు గారని ఒక స్కూలు మాస్టారు వచ్చేవారు. సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. కాలితో నొక్కితే గిటారు స్వరాన్ని చిక్కబరిచే పెడల్ ఒకటి ఆయన దగ్గర ఇరవయ్యేళ్లుగా ఉండేది. ఒకరోజు అది మూగబోయిందని ఇచ్చి వెళ్లారు. మర్నాడు విశాలాక్షి గారు కంటి పరీక్షకు వెళ్లారు. ప్రసాదు గారు మధ్యాహ్నానికి వస్తానన్నారు, ఆ సాయంత్రమే కొల్లేటి లంకలో జాతర ప్రోగ్రాం. నేనే విప్పాను. కరెంటు తిరగబడి వస్తే తాను కాలిపోయి మిగతా సర్క్యూట్‌ను కాపాడే డయోడు ఒకటుంటుంది. అదే కాలిపోయింది. మార్చడానికి విడిభాగాల డబ్బాలో అలాంటిది దొరకలేదు. పాతదాన్ని కత్తిరించి తీసేస్తే పెడల్ పలికింది. ఆ తరవాత నేను చేసింది మాత్రం తొందరపాటు కాదు, అబద్ధం. 'డయోడు తీసేశాను' అని రాస్తే పని సగమే అయినట్టుంటుందని, 'డయోడు మార్చాను' అని రాసి, ఆవిడ పేరు పెట్టి అతికించాను.

"మేడమ్ గారి చెయ్యి పడితే చాలండీ!" అంటూ ప్రసాదు గారు పట్టుకెళ్లారు.

జాతరలో హడావిడిగా ఎవరో దానికి కీబోర్డు అడాప్టర్ తగిలించారట. పిన్ను సరిపోయింది గాని ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయి. అడ్డుకునే డయోడు లేక లోపలి చిప్పు మాడిపోయింది. రెండో రోజు ప్రసాదు గారు వేరే మెకానిక్ చేత మూత తీయించిన పెడల్‌ను తెచ్చి బల్ల మీద పెట్టారు.

"చెయ్యని పని చేశామని రాస్తారా అండీ? కళ్లు ఆనకపోతే ఈ పని మానెయ్యొచ్చు కదండీ!"

ఆవిడ చీటీ చూశారు. అది నా దస్తూరీ. నావైపు చూడకుండానే, "పొరపాటు మా వల్లే జరిగిందండీ," అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన చేతిరుమాల్లో పెడల్ చుట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం ఏడుస్తూ ఆవిడకు నిజం చెప్పాను.

"నాకు తెలుసులేమ్మాయ్. నాతో చెప్పి ఏం లాభం? చెప్పాల్సినాయన గూడెంలో ఉన్నారు," అన్నారు.

ఏలూరు నుంచి గూడెం ఎంత దూరం గనక! అయినా ఒకసారి వాన, ఒకసారి పాపకు జ్వరం, ఒకసారి ఆడపడుచు రాక. మనసు లేకపోతే సాకులకేం కరువు. ఆవిడ మళ్లీ గుర్తుచెయ్యలేదు, నాకు పని నేర్పడమూ మానలేదు. నాలుగు నెలలు గడిచాక ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు.

పన్నెండో రోజు అయ్యాక తాడేపల్లిగూడెం వెళ్లాను. ఆవిడ పోయారని ప్రసాదు గారికి తెలియదు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. నా మీద కేకలేస్తారనుకున్నాను, వెయ్యాలనే కోరుకున్నాను. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"అయితే ఆవిడ తప్పేం లేదాండీ?"

"లేదండీ."

"కళ్లు ఆనడం లేదన్నానే ఆవిణ్ణి... ఒక్క నెల ముందు చెప్పుంటే నేనే ఏలూరొచ్చి కాళ్లమీద పడేవాణ్ణి కదమ్మా."

అన్నాళ్లూ నేను దాచుకుంటున్నది నా సిగ్గు ఒక్కటే అనుకున్నాను. ఇప్పుడు నా చేతిలో ఏదైనా చెడితే, ఆ పూటే వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పి వస్తాను. అలా చెప్పినప్పుడల్లా తలుపు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషే కళ్లముందుంటారు. ఆవిణ్ణి అన్న ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకు నాలుగు నెలల వ్యవధి ఉండింది. దాన్ని ఆయనకు దక్కనివ్వనిది నేను.