పందెం పడవలో నా చోటు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. ఇప్పుడు రాస్తున్నదాంట్లో కూడా దెయ్యం ఉందని అనను. ఏముందో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

మాది దివిసీమలో, నాగాయలంక దగ్గర కృష్ణ పాయ ఒడ్డున ఒక పల్లె. ఏటా అమ్మవారి తిరనాళ్ళకి పడవ పందేలు జరిగేవి. మా పడవలో ఎనిమిది మంది తెడ్లు వేసేవాళ్ళు. వెనక చుక్కాని నాది. ముందు వరసలో కోటేశ్వరరావు ఉండేవాడు, అందరం కోటి అనేవాళ్ళం. నా ఈడువాడే. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు.

యాభైల చివర్లో ఒక పందెంలో మా పడవ అడ్డం తిరిగి పక్క పడవని గుద్దుకుంది. కోటి కుడిచెయ్యి రెండు పడవల మధ్యా పడి నలిగిపోయింది. అతన్ని బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఏం జరిగిందని పెద్దలు నన్ను అడిగారు.

"కోటి లేచి నిలబడ్డాడండీ. పడవ ఒరిగిపోయింది" అన్నాను.

అది అబద్ధం. ఒడ్డు నిండా జనం చూస్తున్నారని, జారిపోతున్న తలపాగా సర్దుకోవడానికి నేను చుక్కాని వదిలేశాను. చుక్కాని పట్టేవాడు అందరికీ వెనక ఉంటాడు కాబట్టి పడవలో ఎవరూ చూడలేదు. తలలు వంచి తెడ్లు వేస్తున్నవాళ్ళకి కోటి లేచాడో లేదో తెలియదు, ఒడ్డు మీదివాళ్ళకి అంత దూరం ఆనలేదు.

కోటి ఆసుపత్రి నుంచి రాకముందే నాకు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని దొరికి వెళ్ళిపోయాను. అతన్ని మళ్ళీ పడవ ఎక్కనివ్వడం లేదని మా అమ్మ ఉత్తరం రాయించింది. జవాబులో నేను ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత అమ్మ పోయింది. నాకు కబురందేసరికే అన్నీ అయిపోయాయి. ఇక ఊరి నుంచి ఉత్తరాలూ రాలేదు.

ఆరేళ్ళ తర్వాత, మా పడవలోనే తెడ్డు వేసే నాంచారయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "ఈసారి పందేనికి తప్పకుండా రా. నీకు చోటు ఉంచాం" అని రాశాడు. పాత గొడవ అందరూ మర్చిపోయారనుకున్నాను. బెజవాడలో దిగి, గుడివాడ మీదుగా బందరు వెళ్ళి, బస్సులో ఊరు చేరేసరికి పందెం రోజు పొద్దున్న తొమ్మిదయింది.

రేవులో నన్ను ముందు చూసింది కోటే. పరుగున వచ్చి ఎడమచేత్తో కావలించుకున్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా ఉండిపోయింది.

"వచ్చావా బావా! నువ్వు రాకుండా పడవ దించేది లేదన్నాను" అని నవ్వి, వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చున్నాడు.

నేను నాంచారయ్యని పక్కకి పిలిచి, "కోటిని మళ్ళీ పడవ ఎక్కనిచ్చారా?" అని అడిగాను.

"నువ్వొచ్చి చెప్పాక ఇంకెందుకు ఆపుతాం?"

"నేనొచ్చి చెప్పడమేంట్రా?"

"అదేంటి, పోయిన కార్తీకంలో పొద్దున్నే రేవుకొచ్చి అందరి ముందూ ఏడ్చావుగా! తలపాగా కోసం చుక్కాని వదిలేశానన్నావు. మా ఇంట్లో అన్నం తిని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళావు. మణికట్టు మీద ఆ కాలిన మచ్చ ఏంటని మా ఆవిడ అడిగితే, కొలిమి దగ్గర కాలిందన్నావు కూడా."

ఆ మచ్చ నాకు ఖరగ్‌పూర్‌లో పడింది. తలపాగా మాట నేను నా భార్యకి కూడా చెప్పలేదు. ఆరేళ్ళలో నేను ఊరికి వచ్చింది ఈ పందేనికే.

వచ్చింది నేను కాదన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో కోటి పడవలోంచే అన్నాడు.

"తప్పు నాదని పదిమందిలో చెప్పాలంటే గుండె కావాలి బావా. నాకైతే ఉండేది కాదు."

అందరూ నా వైపు ఎంతో గౌరవంగా చూశారు. ఆ మాట మింగేసి తెడ్డు అందుకున్నాను.

పడవ ఎక్కబోతుంటే కోటి వాళ్ళ అమ్మ గట్టు దిగి వచ్చింది. ఆవిడని నేను అత్తయ్యా అనేవాణ్ణి. నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొచ్చి చెప్పిన రోజు నేను ఊళ్ళో లేను నాయనా, ఘంటసాలలో మా అమ్మాయి దగ్గరున్నాను. వాడు 'నేను లేవలేదమ్మా, లేవలేదమ్మా' అని ఎన్నిసార్లు మొత్తుకున్నా నేను నమ్మలేదు. కన్న కొడుకుని నేనే నమ్మలేదు. ఒక్కసారి నా ముందు చెప్పవూ? నీ నోటితో వినాలని ఉంది."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఎదురుచూస్తూ నిలబడింది. అయిదు మాటలు కూడా అక్కర్లేదు.

"పందేనికి టైమవుతోంది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మెల్లగా నా చెయ్యి వదిలేసింది.

ఆ రోజు మేమే గెలిచాం. కోటి వెనక నుంచి కేకలేస్తుంటే నేను తలెత్తకుండా తెడ్డు వేశాను. ఒడ్డుకు రాగానే కోటితో పాటు నన్నూ భుజాలకెత్తుకున్నారు. జనంలో ఆవిడ కోసం వెతికాను, కనిపించలేదు.

తిరిగి వెళ్ళాక వర్క్‌షాపులో హాజరు పుస్తకం అడిగి తీయించాను. కార్తీకమాసం అంతా, ఆదివారాలు తప్ప, ప్రతిరోజూ నా సంతకం ఉంది. ఖరగ్‌పూర్ నుంచి మా ఊరు రావడానికే రెండు రోజులు పడుతుంది. నాకు అన్నదమ్ములు లేరు. నా పోలికలున్న మనిషి ఎవరో వచ్చారనుకున్నా, తలపాగా సంగతి అతనికెలా తెలుస్తుంది?

ఆ వానాకాలంలోనే కోటి వాళ్ళ అమ్మ పోయింది. కోటి కూడా ఇప్పుడు లేడు. చివరిదాకా నన్ను నిజాయితీపరుడనే అందరికీ చెప్పేవాడు.

కార్తీకంలో ఆ రేవుకి ఎవరొచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరైతేనేం, నేను చెప్పాల్సింది చెప్పి వెళ్ళారు. కోటి వాళ్ళ అమ్మ అడిగినప్పుడు ఎదురుగా నిలబడింది మాత్రం నేనే.