ఇదే మైకులో నేను చెప్పిన అబద్ధం

సంఘ పెద్దలకు, అక్కలకు, అన్నలకు ప్రభువు పేరిట వందనాలు. కిందటేడు కృతజ్ఞతా కూడికలో నేను ఇక్కడే నిలబడి, ఇదే మైకు పట్టుకుని ఒక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నారు, గుర్తుందా? ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. అది అబద్ధం సహోదరులారా!

నేను ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో సీనియర్ పెర్ఫ్యూజనిస్టుని, అంటే ఆపరేషన్ కోసం రోగి గుండెను ఆపినప్పుడు ఆ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ ఒక యంత్రం చేస్తుంది, ఆ యంత్రాన్ని నడిపేవాణ్ణి. ఎన్నో ఏళ్ల అనుభవం, జూనియర్లు నన్ను చూస్తే లేచి నిలబడేవారు, ఆ పొగరు నా తలకెక్కింది.

చర్ల అవతల అడవి ఊరి నుంచి ముత్తమ్మ అనే ఆమె గుండెలో వాల్వు పాడై వచ్చింది. బీడీలు చుట్టే తునికాకు కోసి బతికే మనిషి, ఆమె నోరు ఊరుకునేది కాదు, వార్డంతా నవ్వించేది. ఆపరేషన్ ముందురోజు నన్ను ఆపి, "గుండె ఆపుతరంట గద సారూ, మళ్ల నడుస్తదా?" అని అడిగింది. "నా చేతిల పెట్టమ్మా, నేను చూస్కుంట" అన్నాను. ప్రభువు పేరు కూడా నా నోట రాలేదు, చూడండి నా గర్వం!

ఆ యంత్రంలో రక్తం నిలిచే డబ్బా ఒకటి ఉంటుంది, అది ఖాళీ అయితే రక్తానికి బదులు గాలి మనిషి ఒంట్లోకి పోతుంది, అందుకే రక్తం తగ్గగానే అలారం మోగుతుంది. ఆ రోజు అది పదేపదే మోగుతుంటే విసుగొచ్చి నేనే దాని నోరు మూయించాను, నాకు కళ్లున్నాయి కదా అనుకున్నాను. ఏదో రాసుకుంటూ తల వంచాను, ఎత్తేసరికి డబ్బా ఖాళీ! యంత్రం ఆపి, అరిచి సర్జన్‌కు చెప్పి, చేయాల్సిందంతా చేశాము, కానీ గాలి అప్పటికే మెదడుకు చేరింది. మూడో రోజు ముత్తమ్మ కళ్లు తెరిచింది, కుడి చెయ్యి లేవలేదు, మాట రాలేదు.

సర్జన్ అడిగితే అలారం మోగలేదని చెప్పాను. అందరూ నమ్మి యంత్రాన్ని రిపేరుకు పంపారు. ఇంటికి పోయే రోజు ఆమె భర్త ఎర్రయ్య నీళ్ల సీసా నిండా అడవి తేనె తెచ్చి, "మిషను ఖరాబైనా నువ్వే బతికిచ్చినవంట సారూ" అని దండం పెట్టాడు. ఆ వారమే నేను ఇక్కడికి వచ్చి, యంత్రం మోసం చేసినా దేవుడు నా చేతులతో ఒక ప్రాణం కాపాడాడని చెప్పాను. ఆమె మాట పోయిన సంగతి మింగేశాను. నా తప్పు కప్పుకోవడానికి దేవుణ్ణే అడ్డం పెట్టుకున్నాను.

అప్పటి నుంచి నేను బతికింది బతుకు కాదు. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా ఇంట్లో నా భార్య ఆ తేనె పిల్లల చపాతీలకు రాస్తుంటే పళ్లెం వదిలి లేచిపోయేవాణ్ణి. ఆపరేషన్ థియేటర్లో నేను నోరు మూయించిన అలారం నా చెవుల్లో మోగేది. మోకరిస్తే, "ప్రభువా, ఈ బరువు తీసెయ్యి" అన్నానే తప్ప "నిజం చెప్పించు" అని ఒక్కనాడూ అడగలేదు! చివరికి, "రేపు నన్ను లేపకు తండ్రీ" అని ప్రార్థించే స్థితికి వచ్చాను.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మన అన్నమ్మక్క లేచి కన్నీళ్లతో ప్రార్థించింది. "ప్రభువా, మిషను ఖరాబైనా నువ్వు కాపాడినవని అన్న చెప్పిండు గద, ఆ మాట నమ్మే నా పెనిమిటిని గుండె ఆపరేషన్‌కు ఒప్పిచ్చిన, అన్న చేతికే అప్పజెప్తున్న!" నేను ఆమెన్ అనలేకపోయాను. మందిరం మెట్ల మీద కూర్చుని అప్పటికప్పుడే సర్జన్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

అన్నమ్మక్క వాళ్లాయనకు వేరే వాళ్లు ఆపరేషన్ చేశారు, క్షేమంగా ఉన్నాడు. నన్ను పని నుంచి తప్పించారు, విచారణ నడుస్తోంది, మళ్లీ ఆ యంత్రం ముందు నిలబడతానో లేదో తెలియదు.

తర్వాత ముత్తమ్మ ఊరికి వెళ్లి వాకిట్లో నిలబడి ఇద్దరికీ చెప్పాను. ముత్తమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఎర్రయ్య, "గప్పుడే చెప్తే ఏంబోయె సారూ? నీకు దండం బెట్టిన గదా నేను. పో, ఇంక పో" అన్నాడు. తిరుగు బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను, ఏడుస్తూనే నిద్రపోయాను. అన్ని నెలల తర్వాత అదే నాకు మొదటి నిద్ర.

నెల తర్వాత ఎర్రయ్యే ఫోన్ చేశాడు. మాట నేర్పే డాక్టరు భద్రాచలంలో ఏ రోజు ఉంటాడని అడిగాడు, అంతే, ఇంకో మాట లేదు. అప్పటి నుంచి ప్రతి వారం నేనే వెళ్లి వాళ్లను తీసుకుపోతున్నాను. దారిలో ఎర్రయ్య నాతో మాట్లాడడు. మొన్న గుమ్మం ముందు నేను బండి ఆపగానే, లోపలి నుంచి ముత్తమ్మ గొంతు, ముద్దముద్దగా, ఒకే ఒక్క మాట, "వచ్చిండు" అంది.

అది క్షమాపణో కాదో నాకు తెలియదు, అడిగే హక్కు కూడా లేదు. అబద్ధం లోపల దాచుకుని ఈ బెంచీల మీద కూర్చున్న వాళ్లు ఎవరైనా ఉంటే, ప్రభువును నమ్మి ఈరోజే చెప్పేయండి, చెప్పాక పోయేవి పోతాయి, ఆయన మాత్రం విడిచిపెట్టడు. పోయినసారి మీరు కొట్టిన చప్పట్లు నాకు చెందినవి కావు. దేవునికే మహిమ. ముత్తమ్మ మాట కోసం ప్రార్థన చేయండి.